తేనెటీగ విషం పడనివాళ్లకు ఆ విషమే మందు: ఒంట్లో ఏం జరుగుతుంది?

తేనెటీగ కుట్టి ప్రాణం మీదికి వచ్చి, ఆసుపత్రిలో చేరి బయటపడిన మనిషికి అలర్జీ డాక్టరు చెప్పే మాట ఒక పట్టాన మింగుడు పడదు. ఏ విషం పడక ఇంత పని జరిగిందో, ఆ విషాన్నే శుద్ధి చేసి చర్మం కింద ఇంజెక్షన్‌గా ఇస్తామంటారు. అదీ ఒకటి రెండుసార్లు కాదు, మూడు నుంచి ఐదేళ్ల పాటు. దీన్నే వెనం ఇమ్యూనోథెరపీ అంటారు. అలర్జీ వైద్యంలో ఇంత గట్టిగా పనిచేసే చికిత్సలు చాలా తక్కువ. అయినా మొదలుపెట్టడానికే భయపడేవాళ్లుంటారు. మొదలుపెట్టాక రక్తపరీక్షలో ఐజీఈ (అలర్జీ తెప్పించే యాంటీబాడీ) అంకె తగ్గకపోగా పెరిగిందని కంగారుపడి మానేద్దామనుకునేవాళ్లుంటారు. కొన్ని నెలలు గడిచాక ఇక తగ్గిపోయి ఉంటుందిలే అనుకునేవాళ్లూ ఉంటారు.

లోపల ఏం జరుగుతోందో ఎవరూ కూర్చోబెట్టి విడమరిచి చెప్పకపోవడమే ఈ గందరగోళానికి చాలావరకు కారణమని నాకనిపిస్తుంది. ఇంజెక్షన్ చేశాక అరగంట కూర్చోమంటారు, డోసు తప్పొద్దంటారు, ఏళ్లకేళ్లు రమ్మంటారు. వీటిలో ఏదీ ఊరికే పెట్టిన నియమం కాదు. రోగనిరోధక వ్యవస్థ మారే తీరులోనే వీటికి జవాబులున్నాయి. ఆ మార్పు ఒక్కసారిగా రాదు. కొంత గంటల్లో, కొంత వారాల్లో, కొంత నెలల్లో, మిగతాది ఏళ్లలో వస్తుంది.

ముల్లు దిగిన దగ్గర్నుంచి

తేనెటీగ ముల్లుకు వెనక్కి తిరిగిన కొక్కేల్లాంటి పళ్లుంటాయి. అందుకే కుట్టాక ఈగ ఎగరబోతే ముల్లు బయటికి రాదు. ముల్లూ, దానికి అంటుకున్న విషపు సంచీ, ఆ సంచిని నడిపే కండరాలూ కలిసి ఈగ పొట్టలోంచి ఊడిపోయి మన చర్మం మీదే ఉండిపోతాయి. ఈగ ఎగిరిపోయినా ఆ కండరాలు కదులుతూనే ఉంటాయి, విషాన్ని లోపలికి తోస్తూనే ఉంటాయి. సంచిలోని విషంలో చాలా భాగం దాదాపు 20 సెకన్లలో దిగిపోతుంది. కాబట్టి ముల్లును గోటితో గీకాలా, వేళ్లతో పట్టి లాగాలా అని ఆలోచిస్తూ నిలబడకూడదు. ఎలా తీసినా ఫరవాలేదు, వెంటనే తీసేయాలి.

అలా లోపలికి చేరేది సుమారు 50 నుంచి 140 మైక్రోగ్రాముల విషం. మైక్రోగ్రాము అంటే గ్రాములో పది లక్షల వంతు. ఎండబెట్టి తూస్తే ఈ విషంలో దాదాపు సగం మెలిటిన్ అనే చిన్న ప్రొటీన్. కుట్టిన చోట భగ్గుమనే మంటకు ముఖ్య కారణం ఇదే. అలర్జీ విషయానికొస్తే మాత్రం పెద్ద పాత్ర ఫాస్ఫోలైపేజ్ ఏ2 అనే ఎంజైముది. విషంలో దాని వాటా దాదాపు 12 శాతమే. దాంతోపాటు హయాలురొనిడేజ్ లాంటి ఇంకొన్ని ప్రొటీన్లు కూడా అలర్జీ తెప్పించగలవు. ఎవరికి ఏ ప్రొటీన్ పడదన్నది మనిషిని బట్టి మారుతుంది. ఈ సంగతి చికిత్స ఫలితం దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

అలర్జీ సాధారణంగా మొదటిసారి కుట్టినప్పుడు బయటపడదు. అప్పుడు లోపల ఏర్పాట్లు మాత్రమే జరుగుతాయి. చర్మంలో కాపలా కాసే కణాలు విషపు ప్రొటీన్లను పట్టుకుని, ముక్కలు చేసి, రోగనిరోధక స్పందనను నడిపించే టీ కణాలకు చూపిస్తాయి. కొందరిలో ఆ టీ కణాలు టీహెచ్2 అనే రకంగా మారి, ఇంటర్‌ల్యూకిన్-4, ఇంటర్‌ల్యూకిన్-13 అనే సంకేతాలు పంపుతాయి. వాటిని అందుకున్న బీ కణాలు ఐజీఈ అనే యాంటీబాడీని తయారుచేస్తాయి. ఆ ఐజీఈ రక్తంలో ఎక్కువ కాలం తిరగదు. చర్మంలో, ఊపిరితిత్తుల్లో, రక్తనాళాల పక్కన ఉండే మాస్ట్ కణాల మీదికి, రక్తంలో తిరిగే బేసోఫిల్ కణాల మీదికి చేరి అతుక్కుని కూర్చుంటుంది. ఇంత జరుగుతున్నా మనిషికి ఏమీ తెలియదు.

తర్వాత ఎప్పుడో మళ్లీ తేనెటీగ కుడుతుంది. విషపు ప్రొటీన్ ఒకటి వచ్చి, మాస్ట్ కణం మీద పక్కపక్కన ఉన్న రెండు ఐజీఈలకు ఒకేసారి తగులుకుని వాటిని కలిపేస్తుంది. ఆ కలపడమే అసలు మీట. అలాంటి జంటలు చాలినన్ని ఏర్పడగానే, కణం తనలో దాచుకున్న హిస్టమిన్, ట్రిప్టేజ్ వగైరాలను నిమిషాల్లో బయటికి కుమ్మరిస్తుంది. ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి, గొంతు వాస్తుంది, ఊపిరి గొట్టాలు బిగుసుకుంటాయి. రక్తనాళాలు వదులై వాటిలోని ద్రవం బయటికి ఊరడంతో బీపీ పడిపోతుంది. ఇదే అనాఫిలాక్సిస్. ఫ్రెంచి శాస్త్రవేత్తలు షార్ల్ రిషే, పోల్ పోర్టియే 1902లోనే దీన్ని కుక్కల్లో గమనించి ఆ పేరు పెట్టారు. రిషేకు 1913లో నోబెల్ వచ్చింది. దీని వెనక ఉన్న ఐజీఈ దొరకడానికి మాత్రం 1960ల దాకా పట్టింది. జపాన్‌కు చెందిన ఇషిజాకా దంపతులు అమెరికాలో, యోహాన్‌సన్, బెన్నిక్ అనే శాస్త్రవేత్తలు స్వీడన్‌లో వేర్వేరుగా దాన్ని కనుక్కున్నారు.

ఒక విషయం గట్టిగా చెప్పాలి. కుట్టిన చోట చెయ్యంతా వాచినంత మాత్రాన ఈ చికిత్స అవసరమని కాదు. రక్తంలో విషానికి ఐజీఈ కనబడినంత మాత్రాన కూడా కాదు. తేనెటీగ కుడితే మామూలు నొప్పి తప్ప ఏమీ కానివాళ్లలోనూ చాలామందికి ఈ పరీక్ష పాజిటివ్ వస్తుంది. కుట్టిన చోటుతో ఆగక ఒళ్లంతటికీ పాకిన రియాక్షన్ వచ్చి, దానికి తోడు పరీక్ష కూడా పాజిటివ్ అయితేనే ఇమ్యూనోథెరపీ గురించి ఆలోచిస్తారు.

అసలు ఇంత ప్రమాదకరమైన ఏర్పాటు మన ఒంట్లో ఎందుకుంది? 2013లో రెండు అమెరికన్ పరిశోధన బృందాలు విడివిడిగా ఎలుకల మీద చేసిన ప్రయోగాల్లో ఆసక్తికరమైన సంగతి తేలింది. ముందుగా కొద్దిగా తేనెటీగ విషంతోనో, అందులోని ఫాస్ఫోలైపేజ్‌తోనో పరిచయమై ఐజీఈ తయారుచేసుకున్న ఎలుకలు, తర్వాత ఎక్కువ మోతాదును మెరుగ్గా తట్టుకున్నాయి. అంటే ఐజీఈ స్పందన మొదట్లో విషాల నుంచి కాపాడే ఏర్పాటే అయ్యుండొచ్చు. అది హద్దు దాటితేనే ప్రాణం మీదికొస్తుంది.

ఈగలను నూరి ఇచ్చిన రోజులు

పడని పదార్థాన్నే కొద్దికొద్దిగా ఇచ్చి అలవాటు చేయాలన్న ఆలోచన పాతదే. 1911లో లండన్‌లో లెనార్డ్ నూన్ గడ్డి పుప్పొడి సారంతో దీన్ని చేసి చూపించారు. తేనెటీగల దగ్గరికొచ్చేసరికి మాత్రం వైద్యం చాలా కాలం తప్పుదారిలో నడిచింది. విషాన్ని విడిగా తీయడం కష్టం కాబట్టి మొత్తం ఈగలనే నూరి, ఆ సారాన్ని దశాబ్దాల తరబడి రోగులకు ఎక్కించారు. అందులో విషం ఉండాల్సినంత ఉండేది కాదు. మేరీ లవ్‌లెస్ అనే అమెరికన్ డాక్టరు విషపు సంచులను విడదీసి వాడాలని 1950లలోనే వాదించినా ఆమె మాట వెంటనే చెల్లలేదు.

1978లో అమెరికాలోని జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయ బృందం దీన్ని తేల్చింది. రోగులను మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు శుద్ధి చేసిన విషం, ఒక గుంపుకు ఈగల సారం, ఒక గుంపుకు మందేమీ లేని ఇంజెక్షన్ ఇచ్చారు. తర్వాత ఆసుపత్రిలో అన్ని జాగ్రత్తలతో నిజమైన ఈగలతోనే కుట్టించి చూశారు. విషం తీసుకున్న 18 మందిలో ఒక్కరికే ఒళ్లంతా రియాక్షన్ వచ్చింది. ఈగల సారం తీసుకున్నవాళ్లలో సగానికి మించి వచ్చింది, అంటే అది ఉత్తి ఇంజెక్షన్ కంటే ఏమీ మెరుగు కాదు. మరుసటి ఏడాదే అమెరికాలో శుద్ధి చేసిన విషానికి అనుమతి దొరికింది. తమకు రక్షణ ఉందని నమ్మి అన్నేళ్లు ఆ సారం ఎక్కించుకున్న మనుషులను తలుచుకుంటే బాధేస్తుంది. చిన్న పరీక్షే, కానీ అంతకుముందు ఎవరూ ఇంత సూటిగా చేసి చూడలేదు.

తొలి గంటల్లో

మొదటి డోసు సాధారణంగా ఒక మైక్రోగ్రాములో పదో వంతో వందో వంతో ఉంటుంది. అక్కడి నుంచి పెంచుకుంటూ 100 మైక్రోగ్రాముల దాకా తీసుకెళ్తారు. అంటే దాదాపు ఒకసారి తేనెటీగ కుడితే దిగేంత విషం. మామూలు పద్ధతిలో వారం వారం వెళ్తే అక్కడికి చేరడానికి కొన్ని నెలలు పడుతుంది. రష్ పద్ధతిలో కొన్ని రోజుల్లో, అల్ట్రా రష్ పద్ధతిలో ఆసుపత్రిలో ఉంచి కొన్ని గంటల్లోనే చేరుస్తారు.

ఐజీఈ ఎక్కడికీ పోలేదు, మాస్ట్ కణాల మీద నిండుగా ఉంది. మరి కొన్ని గంటల్లోనే అంత విషాన్ని ఒళ్లు ఎలా ఓర్చుకుంటోంది? ఇంత త్వరగా కొత్త యాంటీబాడీలు తయారుకావు. కాబట్టి మొదట మారేది మాస్ట్ కణాలు, బేసోఫిల్సే. పేలే స్థాయికి తక్కువగా ఉండే మోతాదులు పదే పదే తగలడంతో అవి మొద్దుబారతాయి. దీనికి ఒక కారణం హిస్టమిన్‌తోనే ముడిపడి ఉంది. హిస్టమిన్‌ను అందుకునే రిసెప్టర్లలో చాలా రకాలున్నాయి. హెచ్1 రకానికి తగిలితే దురద, వాపు వస్తాయి. హెచ్2 రకం మాత్రం బేసోఫిల్ కణాన్ని చల్లబరుస్తుంది. తేనెటీగ విషం చికిత్స మొదలైన తొలి గంటల్లోనే బేసోఫిల్స్ మీద హెచ్2 రిసెప్టర్లు బాగా పెరుగుతాయని తేలింది. అంటే రియాక్షన్ తెచ్చే హిస్టమిన్‌తోనే రియాక్షన్‌కు పగ్గం కూడా పడుతుంది.

ఈ మొద్దుబారడం తాత్కాలికం. మధ్యలో ఎక్కువ రోజులు ఖాళీ వస్తే కణాలు మళ్లీ పాత దారికి వచ్చే ప్రమాదం ఉంది. అందుకే డోసు తప్పినవాళ్లకు తర్వాతి మోతాదు తగ్గించి ఇస్తారు. ఇంజెక్షన్ తర్వాత కనీసం అరగంట కూర్చోబెట్టడం కూడా ఈ కణాల కోసమే. పేలితే అవి చాలావరకు ఆలోపే పేలతాయి. రియాక్షన్‌ను అదుపు చేసే అడ్రినలిన్ మందు చేతికందేంత దూరంలో ఉండగా అది జరిగితే డాక్టర్లు సరిదిద్దగలరు. పనుందని ముందే లేచి వెళ్లిపోవడం ఏమాత్రం మంచిది కాదు.

అసలు మలుపు టీ కణాల్లో

తర్వాతి రోజుల్లో, వారాల్లో కథ లోతుకు వెళ్తుంది. స్విట్జర్లాండ్‌లోని దావోస్‌లో ఉన్న అలర్జీ పరిశోధన సంస్థలో జెజ్మి అక్‌దిష్, కుర్ట్ బ్లేజర్ బృందం తేనెటీగ విషం చికిత్స తీసుకుంటున్నవాళ్ల టీ కణాలను పరిశీలించి 1998లో ఒక ముఖ్యమైన సంగతి ప్రకటించింది. చికిత్స మొదలయ్యాక, విషాన్ని గుర్తుపట్టే టీ కణాలు ఇంటర్‌ల్యూకిన్-10 అనే సంకేతాన్ని విడుదల చేస్తున్నాయి. ఇది గొడవను సద్దుమణిగించే సంకేతం. టీహెచ్2 కణాలను అణుస్తుంది, మాస్ట్ కణాల దూకుడు తగ్గిస్తుంది, బీ కణాలను ఐజీఈ వైపు నుంచి ఐజీజీ4 అనే ఇంకో రకం యాంటీబాడీ వైపుకు మళ్లిస్తుంది. ఇలా పనిచేసే టీ కణాలను రెగ్యులేటరీ టీ కణాలంటారు.

అదే సంస్థ తర్వాత తేనెటీగలు పెంచేవాళ్ల మీద దృష్టి పెట్టింది. వీళ్లు చలికాలమంతా తేనెటీగలకు దూరంగా ఉంటారు, సీజన్ మొదలవగానే కుట్టించుకుంటారు. సీజన్‌లో మొదటిసారి కుట్టిన వారం రోజుల్లోనే వాళ్ల టీ కణాలు ఇంటర్‌ల్యూకిన్-10 విడుదల చేసే రకంగా మారిపోయాయని, సీజన్ అంతా అలాగే ఉండి ఆ తర్వాత మళ్లీ వెనక్కి వెళ్లాయని 2008లో ప్రచురించిన ఆ పరిశీలన చూపించింది. ఈ సహనం ఒకసారి సంపాదించి దాచుకునేది కాదని, విషం తగులుతున్నంత కాలం నిలబడేదని నాకు బాగా అర్థమైంది ఈ ఉదాహరణ చూశాకే. 100 మైక్రోగ్రాములకు చేరాక ఇచ్చే మెయింటెనెన్స్ డోసు నాలుగు నుంచి ఎనిమిది వారాలకోసారి తప్పకుండా ఎందుకు ఇస్తారో కూడా దీన్నిబట్టే తెలుస్తుంది.

ఈ పెంపకందారుల్లోనే ఇంకో వింత ఉంది. ఏడాదికి 200 సార్లకు మించి కుట్టించుకునేవాళ్లలో ఒళ్లంతా రియాక్షన్ దాదాపు కనబడదు. ఏడాదికి 25 సార్లకంటే తక్కువ కుట్టించుకునేవాళ్లలోనే అది ఎక్కువ. మోతాదు ఎక్కువై, ఎడం తక్కువైతే ఒళ్లు సహనం వైపు మొగ్గుతుంది. అలాగని అలర్జీ ఉన్నవాళ్లు సొంతంగా ఈగలతో కుట్టించుకోవడం ప్రాణాలతో చెలగాటమే. ఒక ఈగ ఎంత విషం దింపుతుందో ముందే తెలిసే దారి లేదు.

రక్తపరీక్ష ఎందుకు భయపెడుతుంది

చికిత్స మొదలైన కొన్ని వారాల్లో విషానికి సంబంధించిన ఐజీఈ పెరుగుతుంది. విషాన్ని మళ్లీ మళ్లీ చూపిస్తున్నాం కాబట్టి పాత జ్ఞాపకమున్న బీ కణాలు మొదట పాత అలవాటు ప్రకారమే స్పందిస్తాయి. ఇది చికిత్స వికటించడం కాదు, మామూలుగా జరిగేదే. ఆ తర్వాత నెలలు, ఏళ్ల మీద ఐజీఈ నెమ్మదిగా దిగుతుంది. చాలామందిలో పూర్తిగా పోదు కూడా.

ఈలోగా ఐజీజీ4 ఎన్నో రెట్లు పెరుగుతుంది. దీని పని చూస్తే ముచ్చటేస్తుంది. విషపు ప్రొటీన్ మాస్ట్ కణం మీది ఐజీఈని చేరకముందే ఐజీజీ4 దాన్ని పట్టుకుంటుంది. తాళంచెవి తాళం దాకా రాకముందే దాని పళ్ల నిండా మైనం పూసేసినట్టన్నమాట. యాంటీబాడీకి రెండు చేతులుంటాయి, మామూలుగా రెండూ ఒకే రకం ప్రొటీన్‌ను పట్టుకుంటాయి. ఐజీజీ4 మాత్రం తనలో సగాన్ని ఇంకో ఐజీజీ4తో మార్చుకుంటుంది. దాంతో ఒక చెయ్యి తేనెటీగ విషాన్ని, రెండో చెయ్యి సంబంధం లేని ఇంకేదో ప్రొటీన్‌ను పట్టుకునే రకంగా మారుతుంది. ఒక్క చేత్తోనే పట్టుకోవడం వల్ల విషపు ప్రొటీన్లను గుంపుగా పోగుచెయ్యదు, వాపు పుట్టించే ఇతర వ్యవస్థలనూ పెద్దగా రెచ్చగొట్టదు. చప్పుడు లేకుండా అడ్డుపడుతుంది, అంతే. ఇంటర్‌ల్యూకిన్-10 విడుదల చేసే ఒక ప్రత్యేక రకం బీ కణాలే ఈ ఐజీజీ4నూ తయారుచేస్తాయని దావోస్ బృందం 2013లో చూపించింది. శాంతపరిచే సంకేతమూ, అడ్డుపడే యాంటీబాడీ ఒకే కణం నుంచి రావడం నన్ను బాగా ఆకట్టుకున్న విషయం.

అలాగైతే ఐజీజీ4 కొలిచి చికిత్స పనిచేసిందో లేదో చెప్పేయొచ్చు కదా అనిపిస్తుంది. అలా కుదరదు. ఐజీజీ4 బాగా పెరిగినా రక్షణ దక్కనివాళ్లున్నారు. చికిత్స ఆపాక ఐజీజీ4 తగ్గిపోయినా ఏళ్ల తరబడి రక్షణ నిలిచినవాళ్లు ఇంకా ఎక్కువమంది ఉన్నారు. సహనం ఏ ఒక్క యాంటీబాడీ మీదో ఆధారపడలేదని దీన్నిబట్టి స్పష్టంగా తెలుస్తుంది. మొద్దుబారిన కణాలు, శాంతించిన టీ కణాలు, దారి మళ్లిన బీ కణాలు, ఏళ్లు గడిచేకొద్దీ బలహీనపడే చర్మపరీక్ష స్పందన, ఇవన్నీ కలిస్తేనే అది నిలబడుతుంది. అందుకే నా మాట ఒకటే: రిపోర్టులోని ఐజీఈ అంకె చూసి చికిత్స మానేయొద్దు, ఐజీజీ4 అంకె చూసి ధీమా పడొద్దు. రక్షణ వచ్చిందో లేదో కచ్చితంగా చెప్పేది ఆసుపత్రి పర్యవేక్షణలో నిజమైన ఈగతో కుట్టించి చూసే పరీక్షే. అది అన్నిచోట్లా చేయరు, అందరికీ అవసరం కూడా లేదు.

అందరికీ ఒకేలా పనిచేయదు

కందిరీగ విషం చికిత్సలో 91 నుంచి 96 శాతం మందికి రక్షణ దొరికితే, తేనెటీగ విషం విషయంలో అది 77 నుంచి 84 శాతం. ఇంజెక్షన్లకు రియాక్షన్లు రావడం కూడా తేనెటీగ విషంతోనే ఎక్కువ. ఈ తేడాకు ఒక కారణం విషంలోని ప్రొటీన్ల వైవిధ్యం. ఉదాహరణకు ఏపీఐ ఎం 10 అనే ప్రొటీన్ విషంలో చాలా కొద్దిగా ఉంటుంది. చికిత్సకు వాడే కొన్ని తయారీల్లో అది దాదాపు ఉండకపోవచ్చు. ఐజీఈ ప్రధానంగా ఆ ప్రొటీన్ మీదే గురిపెట్టినవాళ్లలో చికిత్స విఫలమయ్యే అవకాశం ఎక్కువని గమనించారు. రోగికి ఏది పడదో, మందులో అది తగినంత లేకపోతే టీ కణాలకు సహనం నేర్పేది ఎవరు? 100 మైక్రోగ్రాములతో రక్షణ రానివాళ్లకు 200 దాకా పెంచితే చాలామందిలో ఫలితం కనబడుతుంది.

ఇంకో ముఖ్యమైన గుంపు మాస్టోసైటోసిస్ ఉన్నవాళ్లు. వీళ్లలో మాస్ట్ కణాలు ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంటాయి, ఊరికే రెచ్చిపోతాయి. అందుకే తీవ్రమైన రియాక్షన్ వచ్చినవాళ్లకు, అంతా మామూలుగా ఉన్న రోజున రక్తంలో ట్రిప్టేజ్ ఎంతుందో చూస్తారు. ఈ చిన్న పరీక్షను ఎవరూ వదిలేయకూడదని నా గట్టి అభిప్రాయం. అది ఎక్కువగా ఉంటే చికిత్స ప్రణాళికే మారిపోతుంది. డోసులు పెంచేటప్పుడు పదే పదే రియాక్షన్ వచ్చేవాళ్లకు, ఐజీఈని పట్టుకుని ఆపే ఒమాలిజుమాబ్ ఇంజెక్షన్ ముందుగా ఇచ్చి తర్వాత విషం మొదలుపెట్టే దారి కూడా ఉంది.

ఎప్పుడు ఆపాలన్నది చివరి ప్రశ్న. కనీసం మూడేళ్లు, వీలైతే ఐదేళ్లు అంటారు. మాస్ట్ కణాల మొద్దుబారడం గంటల్లో వచ్చినా, టీ, బీ కణాల్లో వచ్చిన మార్పు విషం తగలకపోయినా నిలబడేంతగా స్థిరపడటానికి అంతకాలం పడుతుంది. తొందరపడి ముందే ఆపితే మళ్లీ రియాక్షన్ వచ్చే అవకాశం పెరుగుతుంది. ఐదేళ్లు పూర్తిచేసినవాళ్లలో ఎక్కువమందికి రక్షణ కొనసాగుతుంది, కొందరికి మాత్రం తిరగబెట్టొచ్చు. మొదటి రియాక్షన్ చాలా తీవ్రంగా వచ్చినవాళ్లు, చికిత్స జరుగుతుండగానే ఇంజెక్షన్‌కో, ఈగ కుట్టినందుకో రియాక్షన్ వచ్చినవాళ్లు ఈ కోవలోకి వస్తారు. వీళ్లు ఆపే ముందు డాక్టరుతో వివరంగా మాట్లాడుకోవాలి, ఆపాక కూడా అడ్రినలిన్ పెన్ను (సొంతంగా వేసుకునే ఇంజెక్షన్) దగ్గర ఉంచుకోవాలి. అవసరమైతే తొడ బయటి వైపు కండరంలోకి వెంటనే వేసుకుని ఆసుపత్రికి వెళ్లాలి. మాస్టోసైటోసిస్ ఉన్నవాళ్లకైతే ఇంజెక్షన్ల మధ్య ఎడం పెంచుతారు తప్ప, చికిత్సను జీవితాంతం కొనసాగించమనే చెబుతారు.